నా గొంతు మీద నడిచిన కేసు

విడాకులు అనంగనే ముందుగాల అందరు నా మొకం చూస్తరు, తర్వాత చేతులు చూస్తరు, ఆఖరికి మెల్లగ అడుగుతరు, "తాగుతవా?" అని. తాగుత. చాయ. దానికే విడాకులు ఇచ్చేటట్టుంటే మా దిక్కు ఒక్క సంసారం మిగలది.

మా ఇద్దరికి పడనిది ఏందంటే నిద్ర. నేను సిరిసిల్లల సాంచాలు నడుపుత. కాయితాల మీద మరమగ్గాలు అని రాస్తరు, మా నోట్ల అవి సాంచాలే. చదువు బస్సుల ఏడో తరగతి కాడ దిగిపోయిన. బస్సు మంచిదే, నాకే కిటికీ సీటు దొరకలే. అప్పటికెళ్ళి ఆ చప్పుడులనే పెరిగిన. మా ఇల్లు కార్ఖానకు ఆనుకొని ఉంటది. గోడ అవతల సాంచాలు దడదడ కొడుతుంటె ఇవతల నాకు ఎవరో వీపు జోకొట్టినట్టుంటది. మా ఆమెది కోరుట్ల. బీడీలు చుట్టే ఇల్లు, నిమ్మళమైన వాడ. పొద్దంత కూసున్నా కత్తెర ఆకును కోసే చప్పుడు తప్ప ఇంకోటి వినరాదు. ఆమెకు సిరిసిల్లల నిద్ర పట్టలే. పెండ్లయిన కొత్తల "అలవాటైతది తియ్యి" అన్న. పాప పుట్టి బడికి పోయే ఈడుకు వచ్చింది, అలవాటు మాత్రం రాలే. ఎప్పుడు చూసినా తలనొప్పి, కండ్ల కింద నలుపు. సరే అని నేనే కోరుట్లకు పోయిన, వాళ్ల తమ్ముని కిరాణ దుకాణంల కూసున్న. ఆడ నాకు నిద్ర పట్టలే! అంత సప్పుడు లేని ఇంట్ల మనిషన్నోడు ఎట్ల పంటడు? గోడ గడియారం ఒక్కటే టక్కు టక్కు అంటుంటె అది నన్నే తిడుతున్నట్టుండేది. కొన్నాళ్లకు మళ్ల సిరిసిల్ల బస్సెక్కిన. ఆమె ఎక్కలే.

నిద్ర లేని మనుషులు ఇద్దరు ఒక ఇంట్ల ఉంటే, కూరల ఉప్పు ఎక్కువైందన్న మాట గూడ పంచాది దాక పోతది. మాది పోయింది. పెద్దమనుషులు కూసున్నరు, చాయలు తాగిన్రు, "కలిసుండుండ్రి" అని చెప్పి లేచిపోయిన్రు. ఎక్కడ కలిసుండాల్నో ఒక్కలు చెప్పలే. ఆఖరికి మేమిద్దరమే ఫోన్ల మాట్లాడుకొని ఇడిపోదామని ఒప్పుకున్నం. పెండ్లయినంక మేమిద్దరం లొల్లి లేకుంట ఒప్పుకున్న మొదటి ముచ్చట అదే.

సామాను కాడ పేచీ లేదు. పాప తల్లి కాడ ఉండాలె, దాని కాడ గూడ పేచీ లేదు. బడి అక్కడనే, అన్నం తినిపించే అమ్మమ్మ అక్కడనే. నాకు కావాల్సింది ఆదివారం. ఆదివారం పొద్దుగాల తీస్కపోయి, సిరిసిల్లల నా ఇంట్ల ఉంచుకొని, మాపటికల్లా మళ్ల అప్పజెప్పుత అన్న. వాళ్లేమో కుదరదన్నరు. పాపను కోర్టుల ఒక అర్రల కూసోబెడుతరట, నేను వచ్చి ఒక గంట చూసి పోవాల్నట. జైలు ములాఖత్ లెక్క. అందుల ఖైదీ ఎవరో మాత్రం నాకు సమజ్ కాలే.

"వాళ్లు" అంటె ఎక్కువ మా అత్త. మా ఆమె నడిమిట్ల నలుగుతుండె. అత్త చెప్పిన కారణం నా గొంతు. "మనిషి కోపిష్టి, ఇరువై నాలుగు గంటలు అరుస్తడు, పిల్ల బెదురుతది" అని.

అగో, సాంచాల నడుమ పనిచేసేటోని గొంతు ఎట్లుంటది? పక్కనున్నోనికి దారం తెగిందని చెప్పాలన్నా కేకెయ్యాలె. ఆ కేక డ్యూటీ దిగినంక కార్ఖానలనే ఉండదు, మనెంబడి ఇంటికొస్తది. నేను "ఉప్పు అందియ్యి" అంటే పక్కింటామె ఉప్పు తెచ్చిచ్చిన దినాలు ఉన్నయి. కోపం గాదు, అది నా మామూలు మాట. గని ఈ మాట నేను చెప్తే ఎవరు నమ్ముతరు? చెప్పుడు గూడ అదే గొంతుతోటి చెప్పాలె కద!

ముందుగాల ఒక వకీలు సారు కాడికి పోయిన. ఏ ఊరో చెప్పను. సల్లటి గది, గోడ నిండ లావు లావు పుస్తకాలు. నేను చెప్పింది సగం విని చెయ్యి అడ్డం పెట్టిండు.

"గిట్ల సప్పగ చెప్తే కేసు నిలబడది. కొంచెం కారం జల్లాలె. ఆమె నిన్ను కొట్టింది అని రాద్దాం."

"సార్, ఆమె నా భుజం దాక రాదు. రాస్తే కింద ఒక స్టూలు గూడ రాయాలె."

ఆయన నవ్వలే. "అయితే ఆమె నడవడి మంచిది కాదని రాద్దాం. గప్పుడు దారికొస్తరు. పిల్లను ఆదివారం కాదు, మొత్తానికే ఇస్తరు."

నాకు నవ్వు రాలే. నవ్వు రాని మాట నా బతుకుల తక్కువ. "సార్, మా పాప బడిల చదువుతుంది. నా లెక్క నడిమిట్ల దిగేది గాదు. పెద్దగైనంక ఆ కాయితం చదివితే?" అన్న.

"అవన్ని ఇప్పుడెందుకు?" అన్నడు.

నమస్తే పెట్టి లేచిన. ఆయన మీద నాకు కోపం లేదు. ఏది రాయొద్దో నాకు ఆయన కాడనే తెలిసింది.

మా కార్ఖానల సాంచాలు ఖరాబైతే బాగు చేసే చాచా ఉన్నడు. చేతులకు నూనె, చెవికి బీడీ. నా మొకం చూసి ఆయనే అడిగిండు.

"అరే బేటా, గట్ల మొకం వేలాడేస్తె సాంచ గూడ నడువది. జగిత్యాలకు పో. ఆడ ఒక మేడం ఉన్నది. మా బిడ్డ పంచాది ఆమెనే తెంపింది. మా పాత అల్లుడు ఇప్పటికీ ఆమె కనపడితే సలాం కొడుతడు."

"కేసు ఓడిపోయిన అల్లుడా చాచా?"

"ఓడిపోయినోడు కాబట్టే చెప్తున్న. గెలిచినోళ్లు అందరు కొడుతరు."

జగిత్యాలల విత్తనాల దుకాణం మీద, మెట్లెక్కి పోతె మేడం ఆఫీసు. చిన్న అర్ర, ఒక టేబులు, గోడకు బెంచి, బయట గుమస్తా. మేడం మా అమ్మ కంటె చిన్న, మా అక్క కంటె పెద్ద. కండ్లద్దాలు ముక్కు కొసకు జారిచ్చి "చెప్పు తమ్మీ" అన్నది.

చెప్పిన. మామూలుగనే చెప్పిన. సగం కాంగనే గుమస్తా లేచి కిటికీ మూసిండు. ఇంకొంచెం చెప్పంగనే మెట్ల మీద ధబధబ చప్పుడు. కింది దుకాణం సేటు, ఆయన ఎనుక విత్తనాలకు వచ్చిన రైతులు ఇద్దరు, ఒకాయన చేతుల కట్టె.

"ఏంది మేడం, ఎవడన్న లొల్లి చేస్తుండా?"

"లొల్లి కాదు సేటూ. పేరు, ఊరు చెప్తుండు" అన్నది మేడం.

రైతులు నన్ను కిందికెళ్ళి మీది దాక చూసిన్రు. మర్యాదకు "నమస్తే" అన్న. కట్టె ఉన్నాయన ఉలిక్కిపడ్డడు.

వాళ్లు దిగిపోయినంక మేడం కండ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టింది. "తమ్మీ, కేసు నీకు నీ పెండ్లాంకు నడుమ గాదు. కేసు నీ గొంతు మీద. వాళ్లు సాక్ష్యం తేవాల్సిన పని లేదు. నిన్ను నిలబెట్టి రెండు మాటలు మాట్లాడిస్తె సాలు, నీ ఆదివారం పాయె."

"మాట్లాడకుంట ఉంట మేడం."

"జడ్జి సారు అడుగుతె?"

"రాసిస్త."

"ఏడో తరగతి అన్నవు కద?"

"నా రాత గూడ గట్టిగనే ఉంటది మేడం, ఎనుక కాయితం దాక అచ్చు పడుతది."

గప్పుడు నవ్వింది. నేను ఒక మనిషిని నవ్వించినంక ఆ మనిషిని నమ్ముత. తప్పో ఒప్పో, నా అలవాటు అది.

ఆమె అడిగిన ప్రశ్నలు ఇంకో తీరుగ ఉండె. మా ఆమె తప్పులు అడగలే. "ఆదివారం పాపతోటి ఏం చేస్తవు?" అని అడిగింది. ఏం చేస్త? తల దువ్వుత. జడ ఎయ్యబోతె తాడు పేనినట్టైతది, అది చూసి పాప నవ్వుతది, మళ్ల ఇప్పుకుంటది. అంగడికి తోల్కపోత. కోడిగుడ్డు కూర వండుత, అందుల కారం తక్కువేస్త. పాప పంటే పక్కన కూసుంట. ఇవన్ని చెప్పుడుకు నాకే సిగ్గైంది. "ఇవి గూడ రాస్తరా మేడం, కోర్టుల?" అన్న. "ఇవే రాస్తరు" అన్నది. ఆమె రాయించింది నాకు చదివి వినిపిచ్చింది. మా ఆమె మీద చెడ్డ మాట ఒక్కటి లేదు. నా మీద లేని గొప్ప గూడ ఒక్కటి లేదు. ఆ కాయితం మా పాప ఎన్నడు చదివినా నాకు బాధ లేదు.

లేచేటప్పుడు అన్నది, "తమ్మీ, ఒకసారి చెవుల డాక్టరుకు చూపిచ్చుకోరాదు?"

"నాకు చెవుడా మేడం? సాంచ నడుస్తుంటె చప్పుడు మీద చెప్త, ఎక్కడ ఏం ఖరాబైందో."

"సరే" అన్నది. "అయితే మెల్లగ మాట్లాడుడు నేర్చుకో. వాయిదా నాటికి నాకు అప్పజెప్పాలె."

నేర్చుకుందామని మా గల్లీ చాయ హోటల్ల మొదలువెట్టిన. దోస్తుతోటి మెల్లగ, గుసగుసలాడినట్టు, "ఇయ్యాల ఎండ బాగ కొడుతుంది" అన్న. పక్క బెంచోళ్లు మాటలు బంద్ పెట్టిన్రు. ఇంకో మాట అన్న. హోటలాయన గంటె పట్టుకొని దగ్గరికొచ్చిండు. "ఏమైందే? ఎవలదే ముచ్చట?" అన్నడు. ఇన్నేండ్లు కేకలు పెట్టి చెప్తే నా ముచ్చట ఒక్కడు విన్నది లేదు, ఒక్కనాడు మెల్లగ ఎండ గురించి చెప్తే గల్లీ మొత్తం కూడింది. కార్ఖానల అయితే నా పెదవులు ఆడుతుంటె చూసి చాచా నా నుదురు పట్టి చూసిండు, జరమొచ్చిందని.

వాయిదాలకు జగిత్యాల పోవుడు, వచ్చుడు నడిచింది. కోర్టు వరండాల కూసుంటె లోకం సమజైతది. విడాకులకు వచ్చిన ఆలుమొగలు ఒకే బెంచికి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూసుంటరు. నడుమ టిఫిన్ గిన్నె పెట్టుకోవడానికి జాగ. ఒకనాడు ఒకామె అలవాటు మీద మొగనికి నీళ్ల సీస అందిచ్చింది. అందిచ్చినంక యాదికొచ్చి గుంజుకుంది. వాడు అప్పటికే తాగేసిండు.

లోపల ఇంగ్లీషుల ఏం నడిచిందో మా మేడం బయటికొచ్చి ప్రతిసారి తెలుగుల చెప్పేది. ఎందుకు వాయిదా పడ్డది, మళ్ల వస్తే ఏమైతది, అంత నిదానంగ. పక్కన వేరే వకీళ్ల మనుషులు గూడ చెవి ఒగ్గి వినేటోళ్లు, "మాది గూడ చెప్పు మేడం" అనేటోళ్లు. చెప్పేది. నేను ఒకసారి "మేడం, మీరు బోర్డు మీద 'ఉచిత అనువాదం' అని రాయించుండ్రి" అన్న. "ముందు నువ్వు గొంతు తగ్గియ్యి, పోలీసాయన చూస్తుండు" అన్నది.

పాప ముచ్చట తేలే దినం వచ్చింది. నేను తెల్ల అంగీ ఏసుకున్న. మేడం నన్ను గోడ కాడి బెంచి మీద, తన పక్కన కూసోబెట్టుకుంది. మేడం నా కుడి దిక్కు, ఎడమ దిక్కు ఖాళీ. మా అత్త, మా ఆమె ఎడమ దిక్కు మెట్లెక్కి వచ్చిన్రు. మా ఆమె ఒక్కతే నా దిక్కు నడిచొచ్చింది. మా అత్త ఎనుకకెళ్ళి కొంగు గుంజుతనే ఉంది. ఎడమ పక్కన అంత జాగ ఉండంగ, మా ఆమె మా ముందటికెళ్ళి, మేడం కాళ్లు తగులుకుంట, ఎదురు బెంచికి మాకు నడుమ ఉన్న సందుల దూరి నా కుడి దిక్కుకు వచ్చి నిలబడ్డది.

"పాపకు రాత్రి జరమొచ్చింది. తీస్కరాలే. ఇప్పుడు తగ్గింది, పరేషాన్ కాకు" అన్నది. అని మళ్ల అదే సందుల నుంచి ఎనుకకు పోయింది.

నాకు పాప జరమే మనసుల పడ్డది. మేడం మాత్రం కాళ్లు దగ్గరికి ముడుచుకొని, పోతున్న మా ఆమె దిక్కు చూస్కుంట కూసున్నది. "ఏంది మేడం?" అన్న. "ఏం లేదు" అన్నది.

లోపలికి పిలిచిన్రు. ఇడిపోవుడు కాడ జడ్జి సారు ఇద్దర్ని అడిగిండు, ఇద్దరం ఒప్పుకున్నం. తర్వాత నా దిక్కు తిరిగిండు. "పాపను ఆదివారం మీ వెంట ఎందుకు పంపాలో మీరే చెప్పండి."

నేను మెల్లగ చెప్పుడు ఎంత కసరత్ చేసిన! హోటల్ల, బస్సుల, అద్దం ముందట. గని ఆ గదిల అంత మంది, పైన పంఖ తిరుగుతుంది, నా గుండె సాంచ లెక్క కొట్టుకుంటుంది. నా మాట నాకే వినరాలే. వినరాకపోతె ఏం చేస్త? పెంచిన.

"సార్! నా బిడ్డ సార్! తల దువ్వుత సార్!"

గది మొత్తం ఆగిపోయింది. టైపు కొట్టేటాయన చేతులు లేపిండు. దర్వాజ కాడి పోలీసాయన లోపలికి రెండడుగులు ఏసిండు. బయట వరండాల ఎవరో "ఎవన్నో పట్టుకున్నరు" అనుడు గూడ వినవడ్డది.

"గొంతు తగ్గించండి" అన్నడు జడ్జి సారు.

"తగ్గిస్తున్న సార్!" అన్న. అది ఇంకా గట్టిగొచ్చింది.

మా ఆమె దిక్కు వకీలు లేచిండు. ఆయన పని ఆయన చేసిండు. "చూస్తున్నారు కద సార్. కోర్టులోనే ఇట్లుంటె ఇంట్ల, ఒంటరిగ, చిన్న పిల్ల ముందట ఎట్లుంటడో ఆలోచించండి. అందుకే కోర్టు ఆవరణలనే చూపిస్తమంటున్నం."

ఆదివారం పాయె అనుకున్న. ఏదన్న అందామంటె నోరు తెరుస్తె ఇంకా మునుగుత. మేడం దిక్కు చూసిన. ఈమె లేచి ఆయన మీద వాదిస్తది, నేను మంచోన్నని చెప్తది అనుకున్న. ఆమె నా గురించి ఒక్క మాట అనలే.

"సార్, మీరు అనుమతిస్తె పాప తల్లిని ఒక్కటే ప్రశ్న అడగాలె. నేను అడగను, మీరే అడగండి. ఇందాక బయట ఈయనతోటి మాట్లాడేటప్పుడు ఆమె, ఈయన ఎడమ పక్కన జాగ ఉన్నా చుట్టు తిరిగి కుడి పక్కకు ఎందుకొచ్చింది?"

జడ్జి సారు మేడంను చూసిండు, నన్ను చూసిండు. అవతలి వకీలు "దీనికి, కేసుకు ఏం సంబంధం?" అన్నడు. జడ్జి సారు మాత్రం మా ఆమె దిక్కు తిరిగి అడిగిండు. "ఎందుకమ్మా?"

మా ఆమె తల వంచుకొని ఉంది. మా అత్త ఎనుక కుర్చీలకెళ్ళి దగ్గుతుంది. మా ఆమె ఆ దగ్గు విననట్టే తలెత్తింది.

"ఆయనకు ఎడమ చెవి వినరాదు సార్."

నేను మా ఆమె మొకం చూసిన. నాకా?

"ఆయనకు తెల్వది సార్. తెలిసినా ఒప్పుకోడు. పెండ్లయిన కొత్తల నేను ఎడమ పక్కన నిలబడి మాట్లాడుతె పలుకకపోయేది. నాతోటి మాట్లాడబుద్ధి కాదేమో అనుకొని ఏడ్చిన. తర్వాత ఒకనాడు కుడి పక్కకెళ్ళి పిలిచిన, పలికిండు. అప్పటికెళ్ళి అటు పక్కనే నిలబడుత. పాపకు గూడ చెప్పిన, బాపుతోటి అటు పక్కకెళ్ళి మాట్లాడు అని. కుడి చెవి గూడ అంతంత మాత్రమే సార్. సాంచాల కాడ పోయినయి. అందుకే గట్టిగ మాట్లాడుతడు. అరుస్తలేడు."

"మరి పాప భయపడుతుందా?" అన్నడు జడ్జి సారు.

"పాప భయపడది సార్. ఆయన పాప మీద ఎన్నడు కోపం చెయ్యలే. అన్నం తినేటప్పుడు నవ్విచ్చి నవ్విచ్చి మెతుకు లోపలికి పోనియ్యడు. నా బాధ గదొక్కటే."

నాకు కండ్లల నీళ్లొచ్చినయి. తుడుచుకుంటె ఎవరన్న చూస్తరని పంఖ దిక్కు చూసిన. అవతలి వకీలు కాయితాలు సర్దుకొని కూసున్నడు. మా ఆమె చెప్పింది ఆమె కేసుకే నష్టం. ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

జడ్జి సారు ఆదివారం ఇచ్చిండు. పొద్దున తీస్కపోవుడు, సాయంత్రం అప్పజెప్పుడు. పాపను ఎక్కడ అప్పజెప్పాలె అన్న కాడ అవతలి వకీలే లేచి, "అమ్మమ్మ ఇంటి కాడ వద్దు సార్, కోరుట్ల బస్టాండుల పెట్టుదాం. ఇంటి కాడైతే మనం అందరం మళ్ల ఇక్కడికే వస్తం" అన్నడు. గది మొత్తం నవ్వింది. మా అత్త ఒక్కతి తప్ప. ఆ సారుకు గూడ నా దండం.

బయటికొచ్చినంక మెట్ల మీద మేడంను అడిగిన. "ఆమె ఏం చెప్తదో మీకు ముందే తెలుసా?"

"తెల్వది" అన్నది. "చెవి సంగతి నాకు అనుమానం. ఆమెకు తెలుసని మాత్రం వరండాల తెలిసింది. కోపం మీదున్న మనిషి దగ్గరి తొవ్వ చూస్కుంటది తమ్మీ. ఆమె నా కాళ్లు తొక్కుకుంట దూరం తొవ్వ పట్టింది."

"ఒకవేళ ఆమె చెప్పకపోతె?"

"చెప్పకపోతె నీ ఆదివారం నేనే పోగొట్టినదాన్ని అయితుంటి." కండ్లద్దాలు తుడుచుకుంది. నుదుటి మీది చెమట గూడ కొంగుతోటి తుడుచుకుంది. గప్పుడు తెలిసింది, లోపల నా ఒక్కని గుండె గాదు కొట్టుకుంది.

తర్వాత చెవుల డాక్టరు కాడికి పోయిన. ఆయన మిషిన్ పెట్టి, చిన్న చిన్న లైటు బుగ్గలు ఎలిగిచ్చి, చాన సేపు చూసి, పాప తల్లి చెప్పిందే మళ్ల చెప్పిండు. కార్ఖానల ఇప్పుడు చెవులకు దూది పెట్టుకుంటున్న. చాచా నవ్విండు, తెల్లారి ఆయన గూడ పెట్టుకున్నడు.

మేడంకు కృతజ్ఞత ఎట్ల చెప్పాల్నో తెల్వక మా సాంచ మీద నేసిన తువ్వాల ఒకటి తీస్కపోయిన. "ఫీజు ఇచ్చినవు కద, ఇదెందుకు?" అన్నది. "వకీళ్లకు చెమట పడుతదని నాకు ఆనాడే తెలిసింది మేడం" అన్న. తీసుకుంది.

గని పెద్ద దండం మా ఆమెకే పెట్టాలె. మా ఆమె అనాల్నో, మా ఆమె గాని ఆమె అనాల్నో ఇప్పటికీ సమజ్ కాదు. ఇన్నేండ్లు ఒక మనిషి నాతోటి మాట్లాడాలన్నప్పుడల్లా చుట్టు తిరిగి వచ్చింది, నాకు ఒక్కసారి గూడ చెప్పలే, నా మొకం చిన్నగైతదని. కలిసి బతుకుడు మాకు చేత కాలే. గని ఆమె నాకు చేసిన మర్యాద, ఇడిపోయే దినం నలుగురి ముందట బయటపడ్డది.

మొదటి ఆదివారం కోరుట్ల బస్టాండుకు పొద్దుగాలనే పోయి నిలబడ్డ. మా ఆమె పాపను పట్టుకొని వచ్చింది. పాప వీపుకు సంచి. ఆమె చెప్పుడు మొదలువెట్టింది: సల్లటియి తినపెట్టకు, మధ్యాన్నం పండబెట్టు, అంగట్ల చెయ్యి ఇడువకు.

"ఇంకేమన్న హుకుం ఉన్నదా?" అన్న.

"ఉన్నది. జడ నువ్వు ఎయ్యకు. నేను ఏసి పంపిన" అన్నది. నవ్వాపుకుంటుందని తెలిసింది.

వేములవాడ బస్సొచ్చింది. ఆడ దిగి సిరిసిల్ల బస్సెక్కాలె. పాపను కిటికీ కాడ కూసోబెట్టి నేను పక్కన కూసున్న. తల్లి కింద నిలబడి చెయ్యి ఊపింది, పాప ఊపింది, నేను గూడ ఊపబోయి తలకాయ గోక్కున్న. బస్సు కదిలినంక కండక్టరు వచ్చిండు.

"ఎంతమంది?"

"ఇద్దరం" అన్న. ఆ మాట అని చాన దినాలైంది.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ కద, పాపకు గూడ ఫ్రీ టికెట్. ఆధార్ ఉన్నదా?"

నాకు యాదికే లేదు. టికెట్ కొందాం తియ్యి అని జేబుల చెయ్యి పెట్టిన. పాప అప్పటికే సంచి ఒళ్లె పెట్టుకొని జిప్పు తీసింది. మడత పెట్టిన అంగీ, దువ్వెన, మంచినీళ్ల సీస. అన్నిటికంటె మీద, ప్లాస్టిక్ కవర్ల పెట్టిన ఆధార్ కాయితం.

"అమ్మ పెట్టింది బాపు" అన్నది పాప. "ప్రతి ఆదివారం ఇందులనే ఉండనియ్యి, తియ్యకు అన్నది."